బావ తుపాకీకి ఎర్ర చుక్క

"ఆ బుడ్డి దీపాన్ని నా తుపాకీ మీద బిగించావంటే, డెన్జిల్, దాన్నీ నిన్నూ కలిపి వాగులో పడేస్తాను," అన్నాడు హార్లన్.

డెన్జిల్ తల ఎత్తలేదు. ట్రక్కు వెనక తలుపు దించి, దుప్పటి పరిచి, షాట్‌గన్‌ను దాని మీద పడుకోబెట్టాడు. పేలిన అదురుకు ఊడిపోకుండా మరలకు కాస్త బంక రాసి, ఒక్కొక్కటే బిగిస్తున్నాడు.

"బుడ్డి దీపం కాదు బావా, రెడ్ డాట్. ఈ గాజులోకి చూస్తే ఎర్ర చుక్క కనిపిస్తుంది. దాన్ని టర్కీ కోడి మెడ మీద పెట్టు, నొక్కు. అంతే."

"ఇన్నేళ్లూ గొట్టం కొసన ఉన్న పూస చూసి కొట్టినవాణ్ణిరా నేను."

"అప్పుడు నీకు రెండు కళ్లుండేవి."

అనేశాక డెన్జిల్ నాలుక కరుచుకున్నాడు. హార్లన్ ఎడమ కంటికి ఆపరేషన్ అయి ఏడాది దాటింది. ఆ కన్ను ఇక కనబడడం లేదని చెప్పి ఆయన తుపాకీని గోడకు తగిలించేశాడు. కిందటి వసంతంలో డెన్జిల్ ఒక్కడే కొండెక్కాడు. పక్కన సణిగే బావ లేకపోతే అది వేటలాగే లేదు. ఎల్లుండి సోమవారం టర్కీ వేట మొదలు. ఈసారి ఏమైనా సరే, బావను తీసుకెళ్లే తీరాలి.

"ఒంటికన్ను వాడికి దూరం అందదురా," అన్నాడు హార్లన్. "పక్షి ఎంత దూరంలో ఉందో తెలియకుండా కాలిస్తే గాయంతో ఎగిరిపోయి ఏ పొదలోనో చస్తుంది. ఆ పాపం నాకొద్దు."

"చుక్క చుట్టూ సున్నా కూడా ఉంది. పక్షి సున్నాలో నిండుగా కనిపిస్తే అందుబాటులో ఉన్నట్టు. చిన్నగా కనిపిస్తే తుపాకీ దించెయ్. ఇంకేమైనా ఉందా?"



అప్పుడే వెల్మా కాఫీ తెచ్చింది. "అటు గుంట ఉంది, చూసుకో," అంటూ భర్త చెయ్యి పట్టుకుని నడిపించి, కుర్చీలో కూర్చోబెట్టి, కప్పును ఆయన వేళ్ల మధ్య పెట్టింది.

"బావని పసిపిల్లాణ్ణి చేసేశావక్కా," అన్నాడు డెన్జిల్.

"నీ మరలు నువ్వు చూసుకో."

అట్టముక్క మీద టర్కీ తల బొమ్మ గీసి, దగ్గర్లోని కంచెకు తగిలించాడు డెన్జిల్. ముందు చిన్న తూటాతో కాల్చాడు. తూటాలోని సీసపు రవ్వలన్నీ జానెడు ఎడమకు పడ్డాయి. గురి సరిచేసే పక్క మరను తిప్పాడు. ఈసారి కుడికి పోయాయి.

"చుక్క బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు హార్లన్. "కంచె వెనక ఆవుంటే ఈపాటికి చచ్చేది."

డెన్జిల్ పళ్లు బిగించి మరను కాస్త వెనక్కి తిప్పాడు. మళ్లీ కాల్చాడు. మళ్లీ తిప్పాడు. గురి కుదిరాక అట్టను దూరంగా జరిపి, అసలు టర్కీ తూటా వేశాడు. తుపాకీ భుజాన్ని గుద్దిన గుద్దుకు టోపీ ఎగిరి గడ్డిలో పడింది. వెళ్లి చూస్తే బొమ్మ మెడ జల్లెడలా ఉంది.

సన్నగా తుంపర మొదలైంది. డెన్జిల్ గాజు తడవకుండా దాని ముందువైపు మూత వేసి, తుపాకీని ట్రక్కు మీద పెట్టాడు. కంచెకు బొమ్మ గీసిన కొత్త అట్ట తగిలించి, పరుగున వచ్చి తూటా ఎక్కించాడు.

"ఒక్క దెబ్బ బావా. తప్పితే సోమవారం మాట ఇక ఎత్తను. తగిలితే వస్తావు. లేదా కంటితో పాటు చెయ్యి కూడా పోయిందని చెప్పు, వెళ్లిపోతాను."

హార్లన్ మొహం ఎర్రబడింది. మోత తగలకుండా చెవులకు డిప్పలు తగిలించుకుని తుపాకీ అందుకున్నాడు.

"రెండు కళ్లూ తెరిచే ఉంచు," అని అరిచాడు డెన్జిల్.

"రెండోది తెరిస్తే ఎంత, మూస్తే ఎంత!"

తుపాకీ భుజానికెక్కింది. ఒక్క క్షణం కదల్లేదు. పేలింది. కంచె మీద బొమ్మ తలకాయ చిరిగి వేలాడింది.

"తగిలింది!" డెన్జిల్ గెంతి తుపాకీ అందుకున్నాడు. అందుకుని, అలాగే నిలబడిపోయాడు.

గాజు ముందు మూత ఇంకా వేసే ఉంది.

మూత వేసి ఉంటే బావ కుడి కంటికి చీకటీ, ఆ చీకట్లో ఎర్ర చుక్కా తప్ప ఇంకేమీ కనబడదు. మరి బొమ్మను చూసిందెవరు? ఎడమ కన్నే.

డెన్జిల్ నోరు తెరిచేలోగా వెల్మా వచ్చి బొటనవేలితో టక్కున మూత తీసేసింది. హార్లన్ చెవుల మీద డిప్పలు అలాగే ఉన్నాయి. ఆయన చిరిగిన బొమ్మకేసి మురిపెంగా చూసుకుంటున్నాడు.

"అక్కా, బావ ఎడమ కన్ను..."

"ఎప్పుడో బాగైంది. నాకు తెలుసు."

"మరి ఇది అబద్ధం కాదా?"

"అబద్ధమే. దేవుడు ఏమంటాడో నాకూ తెలీదు. కానీ ఇంత కాపురంలో ఆయన నా చెయ్యి పట్టుకుని నడిచింది ఈ అబద్ధంలోనేరా."

వెల్మా వెళ్లి భర్త చేతిని తన చేతిలోకి తీసుకుంది. నడుస్తూ నడుస్తూ తమ్ముడి వైపు తిరిగి, మెల్లగా అంది:

"సోమవారం పొద్దున్నే తీసుకెళ్లు. సాయంత్రానికి మాత్రం ఆ గుడ్డికన్నుతోనే ఆయన్ని నాకు తెచ్చివ్వు."