మరమనిషికి మిగలని పని

ఒంటరిగా బిడ్డను పెంచే ప్రతి తల్లి ఇంట్లోనూ ఇప్పుడు సర్కారు మరమనిషి ఉంటోంది. ఈ తల్లి ఒక్కతే పెంచలేదని అది చెబితే చాలు, బిడ్డను హాస్టల్‌కి తీసుకుపోతారు. ఈరోజు మా అమ్మాయి వసుధ వంతు. నిన్ననే మనవరాలు పడి మోకాలు చెక్కుకుపోయింది. అదీ చెప్పేస్తుందేమోనని నాకు ఒకటే దడ.

తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మ అడగ్గానే మరమనిషి అంది: "జడ వేద్దామని లేస్తే ఈవిడ అప్పటికే వేసేస్తోంది. పాప పడితే నాకంటే ముందే పరిగెడుతోంది. నాకిక్కడ పని లేదు. వేరే ఇంటికి పంపండి."

ఆఫీసరమ్మ లేచి వసుధకు నమస్కారం పెట్టింది. నేను వంటింట్లోకి పరిగెత్తి గుప్పెడు ఉప్పు తెచ్చాను.

"మళ్లీ ఏంటమ్మా? పాప బాగానే ఉందిగా!" అంది వసుధ.

"పాపకి కాదే, నీకు! ఇంత పొగిడితే దిష్టి తగలదూ? రా, తూర్పుకి తిరిగి కాసేపు కూర్చో."