మజ్జిగ మర్యాద

"నా వెండి చెంబేదే?"

"తోమేదానికేసినా. ఈ పూటకు ఇత్తడి గ్లాసుతో తాగండి," అంది కృష్ణవేణమ్మ, మొగుడి వైపు చూడకుండా.

ఇంట్లో గరిటె మొదలు దుకాణంలో తక్కెడ దాకా అన్నిటి మీదా తన పేరు చెక్కించుకున్న మనిషి పలకల వ్యాపారి వెంకటసుబ్బయ్య. కోపమైతే వచ్చింది గానీ కోప్పడటానికి తీరిక లేదు. మద్రాసు ధర్మనిధి నుంచి తనిఖీకి వస్తున్న నిత్యానందంగారు బస్సు దిగే వేళయింది.

మద్రాసు నుంచి విడిపడి కొత్త రాష్ట్రం వచ్చి రెండేళ్లయినా ధర్మానికి అర్జీ మద్రాసుకే పెట్టుకోవాలి. మార్కాపురం గనుల్లో పలకదుమ్ము పీల్చి చచ్చిపోయిన కూలీల పెళ్లాలకు తలా రెండు మేకలు ఇప్పించమని సహాయ సంఘం పేరిట వెంకటసుబ్బయ్య పెట్టిన అర్జీల్లో ఇది నాలుగోది. ముందు మూడూ తిరిగొచ్చాయి. ఇదీ తప్పితే ఆ ఆడవాళ్లు కూడా ఆ దుమ్ములోకే దిగాలి.

అర్జీ అయినా బేరమే. ఇచ్చేవాడికి సరుకు చూపాలి. ఇక్కడ సరుకు పేదరికం. అందుకే "ఇంట్లో మట్టిముంత తప్ప పాత్ర లేదు" అని రాసి, నిన్ననే ఆ ఆడవాళ్లుండే పేటకు పోయి మరీ చెప్పి వచ్చాడు.

"రోశమ్మా, ఉన్నది ఉన్నట్టు కనపడాల. ఏమీ సర్దొద్దు."

"అదేందన్నా! ఇంటికొచ్చిన మనిషికి ముంతలో పోసిస్తే ఊరి పరువేం గాను?"

"పరువు కూడు పెడతాదా?"

రోశమ్మ నవ్వింది. ఆ నవ్వును అప్పుడే అనుమానించాల్సింది.

తనిఖీ రోశమ్మ గుడిసెతోనే మొదలైంది. ఆ వాకిట్లో వంగి దూరడానికి వెంకటసుబ్బయ్య బొజ్జ ఒప్పుకోలేదు. బయటే నిలబడ్డాడు. లోపల చీకట్లో ఏదో తెల్లగా తళుక్కుమంది. వెండి!

"తాగు నాయనా, ఎండనబడి వచ్చినావు," అంటోంది రోశమ్మ.

రెండో ఇల్లు కోటమ్మది. "రోంతసేపు కూర్చో నాయనా, మజ్జిగ చిలుకుతాండా," అంది. ఈలోగా రోశమ్మ కొంగుచాటున ఏదో పట్టుకుని పెరటి కంప దాటి ఉరకడం వెంకటసుబ్బయ్య కంటబడింది. మజ్జిగ చాల్లేదేమో, అప్పుకు పోతోంది కాబోలు అనుకున్నాడు. కాసేపటికి ఆ గుడిసెలోనూ తళుకు. మూడో ఇల్లు రంగమ్మది. అక్కడా అదే ఆలస్యం, అదే తళుకు.

మూడు గుడిసెలు, మూడు వెండి చెంబులు. షావుకారినని పేరున్న తనకున్నదే ఒకటి!

నిత్యానందం మాత్రం ప్రతి ఇంట్లోంచీ మీసాల మీద మజ్జిగ తుడుచుకుంటూ, ఏదో రాసుకుంటూ బయటికొచ్చాడు.

బస్సు దగ్గర వెంకటసుబ్బయ్య ఉండబట్టలేకపోయాడు. "అయ్యా, నేను రాసింది అబద్ధం కాదు. వాళ్లకా వెండి ఏడనుంచి వచ్చిందో, దేవుడి మీద ఒట్టు, నాకు తెలవదు."

"మంజూరు చేస్తున్నాను. తలా రెండు కాదు, మూడు మేకలకు."

"వెండి చూసినాక గూడానా!"

నిత్యానందం బస్సెక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వాడు.

"మూడిళ్లలోనూ చెంబు మీద మీ పేరే ఉందండీ."