తల్లి రొయ్యల గది

మంగరాజుగారి బొటనవేలు నా యాప్ బటన్ మీదకు వచ్చి ఆగింది.

బందరు దగ్గర ఆయన రొయ్యల హేచరీ. పట్టపగలే చీకటి చేసిన ఆ గదిలో లైట్లను నడిపే పాత జావా ప్రోగ్రామును ఆండ్రాయిడ్ ఫోనుకు తగ్గట్టు కోట్లిన్‌ అనే కంప్యూటర్ భాషలోకి మార్చి, విజయవాడ నుంచి ఆ ఉదయమే తెచ్చాను.

“తెల్లారినట్టు మెల్లగా రావాలండీ వెలుగు. ఒక్కసారిగా పడిందా, గుడ్లు పెట్టే తల్లి రొయ్యలు ఎగిరి గోడలకు కొట్టుకు చస్తాయి. అయినా మీకు తెలియందేముంది మేడమ్, పాత ప్రోగ్రామంతా చదివారుగా!”

చదివాను. వెలుగు పెరగడానికి పది నిమిషాలెందుకు, పాతకాలపు చాదస్తం కాకపోతే, అనుకుని ఆ లైన్లు తీసేసిందీ నేనే.

చెబితే పని పోతుంది. నలభై నాలుగేళ్ళకు సొంతంగా దొరికిన మొదటి పని. అసలు నిజంగా తీసేశానా? ఆ అనుమానం వెనక కాసేపు దాక్కోవచ్చు కూడా.

వేలు కిందికి దిగింది.

“ఆగండి! నొక్కకండి. తప్పు చేశాను, వెలుగు మెల్లగా పెంచే లైన్లు తీసేశాను.” ఫోను లాక్కున్నాను.

మంగరాజుగారు ట్యాంకు మూత ఎత్తి, మోచేతి దాకా చెయ్యి ముంచి కలియతిప్పారు. లోపల ఒక్క రొయ్య లేదు.

“మీకన్నా ముందు ఈ పనికొచ్చినాయన కూడా అవే లైన్లు తీసేశాడండీ. ఆయనకీ ఇదే మాట చెప్పాను. ఏం కాదు, నొక్కమన్నాడు. నూట ఇరవై తల్లులు పోయాయి. అప్పట్నుంచి కొత్తది ఏదొచ్చినా ముందు ఉత్తి నీళ్ళ మీదే పరీక్ష.”

చెయ్యి తుడుచుకున్నారు.

“సరిచేసుకు రండి. తల్లుల్ని అప్పుడు దింపుతాను.”