ముందు ఎడమ చక్రం

"తొక్కు! ఇంకా గట్టిగా తొక్కు!" అని అరిచాడు ఆండ్రూ.

జార్జి బ్రేకు తొక్కే ఉంచాడు. ముందు కుడి చక్రం ఆగింది. ఎడమది మాత్రం రోలర్ల మీద తిరుగుతూనే ఉంది.

ఇంకోసారి తొక్కించాడు బండి టెస్టు చేస్తున్న ఆండ్రూ. అంతే. ఎడమది ఆగలేదు.

"సారీ జార్జ్. ఈ బ్రేకుతో రోడ్డెక్కనివ్వను" అన్నాడు.

జార్జి పెట్టెల్లో విడి భాగాలు తెప్పించుకుని, ఇంటి గ్యారేజీలో తన చేత్తో బిగించుకున్న కారది. నాటింగ్‌హామ్ బయట ఉన్న ఈ టెస్టు సెంటర్లో పాసైతేనే దానికి నంబరు ఇస్తారు. ఇప్పటికి రెండుసార్లు ఫెయిలైంది. ఈసారీ పోతే అమ్మేస్తానని భార్యకి బైబిలు మీద చెయ్యి పెట్టి మాటిచ్చాడు.

ఆ భార్య సుగుణకుమారి పసుపు గీత అవతల కుర్చీలో, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని కూర్చుని ఉంది.

"నిన్న సాయంత్రం కూడా చూశాను. పర్ఫెక్ట్‌గా పట్టింది" అన్నాడు జార్జి, కారు దిగుతూ.

ఆండ్రూ గొంతుక్కూర్చుని చక్రం సందులోంచి లోపలి బ్రేకు డిస్కుని తాకాడు. వేళ్ళు మెరిశాయి. వాసన చూశాడు.

"ఇది బ్రేక్ ఆయిల్ కాదు. ఇంజిన్ ఆయిలూ కాదు. ఇది... తినే నూనె!"

జార్జి వెనక్కి తిరిగాడు. సుగుణకుమారి లేచి నిలబడింది.

"సుగుణా, ఏంటిది?"

"ప్రార్థన నూనె అండీ. పాస్టర్ గారు ఇచ్చారు."

"ఇస్తే?"

"రాశాను."

"రాస్తే బానెట్‌కి రాస్తారు! స్టీరింగ్‌కి రాస్తారు! బ్రేకు డిస్కుకి రాస్తారా ఎవరైనా?"

"బండికి ప్రాణం అదేనని మీరేగా అన్నారు! ముఖ్యమైన చోట రాద్దామని..."

"బాగా రాశావు తల్లీ! నాలుగింటిలో ఒక్కదానికే రాశావు, అదీ నిండా రాశావు!"

"ఏమంటోంది?" అని అడిగాడు ఆండ్రూ.

జార్జి సిగ్గుతో చచ్చిపోతూ చెప్పాడు. ఆండ్రూ నవ్వాపుకోలేకపోయాడు. "ఈ ఉద్యోగంలో అన్నీ చూశాననుకున్నాను" అన్నాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు. "సరే. చక్రం విప్పి శుభ్రం చేసుకో. లంచ్ అయ్యాక ఇంకోసారి చూస్తాను."

"ఫెయిలన్నాడుగా, మళ్ళీ ఛాన్సేంటి?" అంది సుగుణకుమారి.

"నువ్వు కాసేపు నోరు మూసుకుని కూర్చో" అన్నాడు జార్జి.

కొత్త బ్రేకు ప్యాడ్లు కారుని లాక్కొచ్చిన వ్యాన్లో ఉన్నాయి. తెచ్చుకున్నాడు. జాకీ ఎత్తాడు. నట్లు విప్పాడు. చక్రం లాగి పక్కన పెట్టి లోపలికి చూశాడు.

చేతిలో స్పానర్ జారి కింద పడింది.

బ్రేకుకి వెళ్ళే రబ్బరు గొట్టం చక్రం లోపలి అంచుకి రాసుకుని రాసుకుని తొక్క లేచిపోయింది. లోపలి దారాలు బయటపడ్డాయి. చప్పుడు విని వచ్చిన ఆండ్రూ వంగి వేలితో నొక్కాడు. దారాల మధ్య నుంచి ఒక చుక్క ఊరింది.

ఆండ్రూ మొహంలో నవ్వు పోయింది.

"కింద నుంచి చూస్తే రిమ్ము అడ్డం వచ్చి ఇది కనపడదు. చక్రాలు మేము విప్పం. ఆ నూనె లేకపోతే నేనీ కారుని పాస్ చేసి పంపేవాణ్ణి."

"పంపితే?"

"హైవే మీద ఒక్కసారి గట్టిగా తొక్కితే చాలు. తెగిపోయేది."

జార్జి అక్కడే సిమెంటు నేల మీద కూలబడ్డాడు. సుగుణకుమారి పసుపు గీత దాటి పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ? అలా కూర్చున్నారేంటి? గుండెల్లో నొప్పా?"

"ఆదివారం చర్చి అయ్యాక నిన్ను ఇందులో స్కెగ్‌నెస్ తీసుకెళ్ళి సముద్రం చూపిద్దామనుకున్నాను" అన్నాడు జార్జి. "ఇద్దరం పోయేవాళ్ళం సుగుణా."

ఆ గొట్టం చూపించాడు. ఆమె చూసింది. పెదాలు తెల్లబడ్డాయి.

ఆండ్రూ వచ్చి భుజం తట్టాడు. "ఇవాళ్టికి ఫెయిలే జార్జ్. గొట్టం మార్చి మళ్ళీ తీసుకురా."

"తెస్తాను. తప్పకుండా తెస్తాను."

"అమ్మేస్తానన్నారు కదండీ?" అంది సుగుణకుమారి.

"అమ్మడమా? దేవుడు కాపాడిన బండిని అమ్ముతానా? నేనున్నంత కాలం ఇది మన గ్యారేజీలోనే ఉంటుంది." జార్జి ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "నిన్ను తిట్టాను. క్షమించు. ఆ చక్రానికే ఎందుకు రాశావో నీకు తెలీదు. దేవుడే నీ చేత రాయించాడు. ఆదివారం అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్తాను. ఆ నూనె సీసా పైకెత్తి చూపిస్తాను. ఉండు, ఇప్పుడే పాస్టర్ గారికి ఫోన్ చేస్తాను."

ఫోన్ తీశాడు. అవతల రింగవుతోంది.

సుగుణకుమారి ఫోన్ లాక్కుని కట్ చేసింది.

"దేవుడి మందిరంలో అబద్ధ సాక్ష్యం వద్దండీ. అది ప్రార్థన నూనె కాదు, చేపలు వేయించే నూనె. ఫెయిలవ్వాలనే పోశాను."