దుంప వీపు

"నాటావా నాయనా, పాతిపెట్టావా?"

దర్జీ చేతిలో పేడ తట్ట ఆగిపోయింది.

కంచె అవతల నల్లగొడుగు కింద ఒక పెద్దావిడ. ఆ వీధిలో ఎన్నడూ చూసిన ముఖం కాదు.

భార్య పోయాక దర్జీకి మిగిలినవి ఆమె పెంచిన ఈ నీలిపూల ఐరిస్ మొక్కలే. ఎక్కడినుంచి తెచ్చిందో ఆమె ఉండగా అడగనే లేదు. ఇప్పుడవి పూయడం మానేశాయి. ఒక్కో దుంపా కుళ్ళిపోతోంది.

"బలం చాలదేమోనని, పెద్దమ్మా."

"అజీర్తి చేసింది వాటికి! అసలే జిగటమన్ను, దానిమీద పచ్చిపేడా? తవ్వి తియ్యి. మడి ఎత్తు చెయ్యి. మాగిన ఆకుల ఎరువు కలిపి మట్టిని గుల్ల చెయ్యి. గుప్పెడు ఎముకల పొడి వేస్తే చాలు. దుంప వీపు మాత్రం కప్పకు, ఎండ తగలాలి."

"వీపు అన్నారే! మా ఆవిడా అలాగే అనేది. వేళాకోళం అనుకునేవాణ్ణి. మీకెలా తెలుసు?"

"కుళ్ళబెట్టుకున్నదాన్ని, నాకు తెలీదా?" ఆవిడ నవ్వి, కాస్త తటపటాయించింది. "గట్టిదొకటి చూసి నాకిస్తావా?"

దర్జీకి ప్రాణం చివుక్కుమంది.

"మా ఆవిడవి పెద్దమ్మా. ఎవరికీ ఇవ్వను."

"అవున్లే" అంటూ గొడుగు సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ చెప్పినట్టే చేశాడు దర్జీ. కుట్టుమిషన్ తొక్కుతున్నా కళ్ళు కంచె మీదే. ఎవరావిడ? తన భార్య మాట ఆవిడ నోటికెలా వచ్చింది? గొడుగు మళ్ళీ కనిపించలేదు.

రుతువు తిరిగింది. మడినిండా నీలం విచ్చుకుంది.

ఇక ఉండబట్టలేకపోయాడు. పుష్టిగా ఉన్న దుంప ఒకటి తీసి, కొత్త గుడ్డముక్కలో చుట్టి, నల్లగొడుగు ఆనవాలు చెబుతూ వీధి వీధీ అడిగాడు. రైలు గేటు అవతల ఒక ఇల్లు చూపించారు.

కూతురు తలుపు తీసింది.

"అమ్మ పోయిన నెల కాలం చేసింది."

దర్జీ మూట చాపాడు. ఆమె విప్పి చూసింది.

"మీరు దర్జీగారా? రండి అన్నయ్యా."

పెరట్లో ఎత్తుగా, గుల్లగా ఒక మడి. అందులో ఏమీ లేదు.

"వానలకి మావన్నీ కుళ్ళిపోయాయి. ఒక్క దుంప దొరక్కపోతుందా అని, లేవలేకపోయినా ఈ మడి సిద్ధం చేయించింది."

దర్జీ మోకాళ్ళమీద కూర్చుని దుంప నాటాడు. దాని వీపు పైకే ఉంచి, చుట్టూ మన్ను వేళ్ళతో అదిమాడు.

అది చూసి ఆమె మెల్లగా అంది: "వదినకి మొదటి దుంప ఇచ్చిన రోజున కూడా అమ్మ ఇదే చెప్పింది అన్నయ్యా, వీపు కప్పొద్దని."