ఒక చుక్క ఎక్కువ

"మావయ్యగారూ, ఆదివారం తీసిన ఫిల్ము ఎక్కడ పెట్టారు?"

అల్లుడు హెల్మెట్ అయినా తీయకుండా స్టూడియోలోకి దూసుకొచ్చాడు. చేతిలో నలిగిన దినపత్రిక. వెనకాలే కూతురు ఆయాసపడుతూ వచ్చింది. ఎవరో పెళ్ళికొడుకు నెగటివ్ మీద మచ్చలు దిద్దడానికి పెన్సిల్ చెక్కుకుంటున్న పెద్దాయన తలెత్తాడు.

"ఏమైంది బాబూ?"

"ఇంకేం కావాలండీ! నేను నెలనెలా ఫొటో తీసే గెలాక్సీ లేదూ, దాని పక్కనే కొత్త నక్షత్రం ఒకటి వెలిగిందట. సోమవారం ఎవరో చూశారు. నేను తీసింది ఆదివారం. నా ఫిల్ములో గనక అది పడి ఉంటే, ప్రపంచంలో అందరికంటే ముందు పట్టుకున్నవాణ్ణి నేనే!"

పెద్దాయన పెన్సిల్ కింద పెట్టేశాడు.

ఆ ఫిల్ము కడిగింది ఆయనే. ఆరాక, పోయిన నెల ఫిల్ము పక్కన పెట్టి చూసుకున్నాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి గానీ ఒక చుక్క ఎక్కువగా కనిపించింది. తన చేతిలోంచే ఫిల్ము కడిగే మందు చిందిందనుకున్నాడు. అల్లుడు గంటసేపు కన్నార్పకుండా టెలిస్కోపు తిప్పుతూ కూర్చుంటే గానీ ఆ మసక వెలుగు ఫిల్ము మీద వాలదు. అంత కష్టపడి తెచ్చిన ఫిల్ము మీద, తలపండిన తను మరక వేశాడా! సిగ్గుతో చచ్చిపోయి, ఎవరూ చూడకుండా బ్లేడుతో గీకేశాడు. ఆయన గీకితే ఇక అక్కడ ఏదో ఉండేదని ఎవరూ కనిపెట్టలేరు. ఊళ్ళో ఆయనకున్న పేరే అది.

సొరుగు తీసి ఫిల్ము అందించాడు. అల్లుడు దాన్ని లైటు పెట్టె మీద పరిచి భూతద్దం పట్టుకుని వంగాడు. ఎంతసేపటికీ లేవడే! చివరికి లేచాడు. ముఖం వాడిపోయింది.

"లేదండీ."

కూతురు మొగుడి భుజం మీద చెయ్యి వేసింది.

"పోనీలే," అన్నాడు అల్లుడు, తనను తానే సముదాయించుకుంటూ. "లేకపోవడం కూడా సాక్ష్యమే. ఆదివారానికి ఆ నక్షత్రం ఇంకా వెలగలేదని దీంతో తేలిపోతుంది. ఇప్పుడే అబ్జర్వేటరీకి పంపించేస్తాను."

"పంపించండి. మా నాన్న చేతి ఫిల్ము. భూతద్దం వేసి వెతికినా ఒక్క మరక దొరకదు," అంది కూతురు గొప్పగా.

పెద్దాయనకు భూమి చీలితే బాగుండుననిపించింది. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది. కానీ అబద్ధం అల్లుడి పేరు మీద దేశాలు తిరుగుతుంది.

"ఆగండి బాబూ. ఆ ఫిల్ములో నేను వేలు పెట్టాను."

"అంటే?"

"ఒక చుక్క ఎక్కువుంటే మరకనుకున్నాను. మీకు తెలిస్తే నవ్వుతారని గీకేశాను. నన్ను ఏమన్నా పడతాను."

అల్లుడు సంచిలోంచి ప్రింటు తీసి బల్ల మీద పెట్టాడు. అది పోయిన నెల తీసిన ఫొటో.

"ఎక్కడుండేదండీ ఆ చుక్క?"

పెద్దాయన కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాడు. గీకిన చోటు కళ్ళకు కట్టినట్టే ఉంది. వేలిని గెలాక్సీకి ఎడమ పక్కన ఆనించాడు.

"ఇక్కడ. నాకు బాగా గుర్తు."

అల్లుడు పేపర్లో బొమ్మ చూశాడు, ప్రింటు చూశాడు, మళ్ళీ పేపరు చూశాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"కొత్తది కుడి పక్కనండీ! మీరు గీకింది నిజంగా మరకే. ప్రాణం తోడేశారు కదా మావయ్యగారూ!"

"పెళ్ళికొడుకుల మొటిమలు చాలక ఆకాశానికి కూడా మొదలెట్టావా నాన్నా?" అంటూ కూతురు కూడా నవ్వింది.

పెద్దాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గు పోలేదు గానీ మనసు కాస్త తేలికపడింది.

"మీరు చెప్పకపోతే ఎవరికి తెలిసేదండీ? అయినా చెప్పారు," అన్నాడు అల్లుడు ఫిల్మును కవర్లో పెట్టుకుంటూ. "కుడి పక్కన ఏమీ లేదని మా మావయ్యగారు కూడా హామీ ఇచ్చారని రాస్తాను. మీ పేరుతో సహా."

స్కూటర్ చప్పుడు వీధి మలుపు తిరిగి వినిపించకుండా పోయింది.

పెద్దాయన ముఖం కడుక్కొచ్చి, ఆపిన పని అందుకున్నాడు. పెళ్ళికొడుకు ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంచాలి, కుడి బుగ్గ మీద మొటిమ తీసెయ్యాలి. పెన్సిలైనా బ్లేడైనా మందు పూసిన వైపే పని చేస్తుంది గనుక, అలవాటుగా ఫిల్మును ఆ వైపు పైకి తిప్పి లైటు మీద పెట్టాడు. అలా పెడితే బొమ్మ అద్దంలో చూసినట్టు తారుమారవుతుంది. ఎడమ బుగ్గ మీది పుట్టుమచ్చ ఇప్పుడు కుడి పక్కన ఉంది. ఆయనకది కొత్త కాదు. ముక్కూ ముఖమూ ఉన్న బొమ్మయితే చెయ్యే సర్దుకుంటుంది. ముఖం లేని బొమ్మను ఆయన జన్మలో ఎన్నడూ గీకలేదు, మొన్న తప్ప.

పెన్సిల్ గాల్లోనే ఆగిపోయింది.

మొన్న ఆ చుక్కను గీకినప్పుడు కూడా ఫిల్ము ఇలాగే తిరగేసి ఉంది.