పచ్చ మీట

వీధి కుళాయికి రంగు మీటల ఆట గిటారూ, ఓ తెరా తగిలించిన దగ్గర్నుంచీ, తెరమీద రంగుల ప్రకారం మీటలు నొక్కి పాటను తప్పు లేకుండా వాయించినంతసేపే ఎవరికైనా నీళ్ళు. రెండోసారి తప్పితే ఆ ఇంటికి ఆ రోజు చుక్క రాదు. కోడలు సత్యవేణి చెయ్యి విరగడంతో ఆ ఉదయం నూకరత్నమే గిటారు మెడలో వేసుకుంది. తెరమీద జారే రంగులు ఆమె కంటికి ఆనవు కాబట్టి కోడలు పక్కన నిలబడి చెబుతోంది.

“ఎరుపు, నీలం, పచ్చ.”

నూకరత్నం ఆకు రంగు మీట నొక్కింది. కుళాయి ఠక్కున ఆగిపోయింది.

“పసుపుపచ్చ అత్తా, ఆకుపచ్చ కాదు.”

“రెండూ పచ్చేనంటే నానేటి సేసేది?”

“మా వంతు రేపటికైనా వస్తాదా పిన్నీ?” అని వెనక బిందెతో నిలబడ్డ పొరుగింటి గౌరీశ్వరి దెప్పింది.

నూకరత్నం కొంగు బిగించింది. “ఇంకోపాలి ఎట్టు. పచ్చన్న మాటే ఎత్తకు. ఆకు అను, పసుపు అను.”

“ఆకు, పసుపు, ఎరుపు, ఆకు...”

ఈసారి వేళ్ళు తడబడలేదు. నీళ్ళు ధార కట్టాయి.

“డ్రమ్ము నిండిపోనాది అత్తా, ఇంక ఆపీ.”

“పాటింకా ఉంది కదే,” అంది నూకరత్నం, మీటల మీంచి వేళ్ళు తియ్యకుండా. “గౌరీశ్వరిని బిందె ఎట్టమను. నువ్వు రంగులు సెప్పడం మానకు.”